తోక చెప్పిన ఊరు

పశుక్షేమ శాఖకు ఒకనాడు ఉన్నట్టుండి అనుమానం పుట్టింది. తమ డాక్టర్లు ఊళ్లు తిరుగుతున్నామని చెబుతున్నారే, నిజంగా తిరుగుతున్నారా అని. అనుమానంలో తప్పేమీ లేదు, కొందరు తిరగని మాట నిజమే. ఆ తిరగని వాళ్లెవరో బిళ్ల బంట్రోతు దగ్గర్నుంచి కమిషనరు దాకా అందరికీ తెలుసు కూడా. కానీ తెలిసిన వాళ్లను పిలిచి అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. ఎవరినీ నొప్పించకుండా అందరినీ ఒకే గాటన కట్టెయ్యాలని రాజధానిలో పెద్దలు కూర్చుని ఒక ఉపాయం ఆలోచించారు.

డాక్టరుకొక ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్‌కొక తోక. ఇదీ ఉపాయం. తోకంటే ఒక పొడుగాటి వైరు, దాని చివర అగ్గిపెట్టె అంత నల్లటి బిళ్ల. వైరు ల్యాప్‌టాప్‌లో గుచ్చి, బిళ్లను ఆకాశం కనబడేలా పెడితే, అది పైనున్న ఉపగ్రహాల మాట విని, మనం భూమ్మీద ఎక్కడున్నామో తెరమీది పటంలో చుక్కపెట్టి చూపిస్తుంది. కాగితాల్లో దాని పేరు 'ఉపగ్రహాధారిత స్థాన నిర్ధారణ గ్రాహకము'. ఆ పేరు పూర్తిగా పలికేలోపు ఊరు దాటిపోతుంది కనక డాక్టర్లు తోక అనేవాళ్లు. స్మార్ట్‌ఫోన్లు ఇంకా చేతుల్లోకి రాని రోజులు, అదే గొప్ప వింత. వస్తువు మంచిదే, అబద్ధం చెప్పేది కాదు. దాని మాటకు శాఖవారు చెప్పిన తాత్పర్యంతోనే వచ్చింది చిక్కు.

పటంలో ప్రతి ఊరి చుట్టూ ఒక గుండ్రటి గీత గీశారు. చుక్క గీత లోపలికి వస్తే పచ్చబడుతుంది, డాక్టరు ఊళ్లో ఉన్నట్టు. బయట ఉంటే ఎర్రగా ఉంటుంది, లేనట్టు. పచ్చచుక్క పడందే ఆ ఊరికి మందులు గానీ టీకాలు గానీ విడుదల కావు. ప్రయాణంలో కూడా ల్యాప్‌టాప్ మూత తెరిచే ఉండాలి. "చుక్క యెచ్చట కలదో అధికారి అచ్చటనే కలడు. అధికారి లేనిచోట పశువు కలదని భావించరాదు" అని సర్క్యులర్లో రాశారు.

జిల్లాలో శిక్షణ ఇచ్చినవారు జాయింట్ డైరెక్టరు పరాంకుశం గారు. హాల్లో పైకప్పు ఉండడం చేత తోకకు ఉపగ్రహం అందలేదు. అందరినీ ఎండలోకి నడిపించారు. ఎండలో తెర కనబడలేదు. గొడుగులు తెప్పించారు. గొడుగు కింద తెర కనబడింది గానీ, తెరతోపాటు తోక కూడా గొడుగు కిందే ఉండిపోవడంతో మళ్లీ మొదటికొచ్చింది. భోజనాలవేళకు శిక్షణ విజయవంతమైనట్టు అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చి పంపేశారు.

డాక్టర్ ఓబులేసు తిరిగే డాక్టర్లలో ఒకడు. అదే అతని ఖర్మ. తిరగని వాళ్లకు తోక ఏ బాధా పెట్టలేదు. బస్సు కండక్టరు చేతిలో పెట్టి పంపితే సాయంత్రానికి పది ఊళ్ల పచ్చచుక్కలు మోసుకొచ్చేది. ఓబులేసుకు మోటారు సైకిలుంది, వెనక కూర్చోడానికి కాంపౌండరు మద్దిలేటి ఉన్నాడు. బిళ్లకు అయస్కాంతం ఉంది, ఇనుముకైతేనే అతుక్కుంటుంది. అందుకని ఓబులేసు హెల్మెట్ మీద ఒక రేకు మూత కట్టి, దానికి బిళ్లను అతికించారు. అక్కణ్ణుంచి వైరు డాక్టరు వీపు మీదుగా దిగి, మద్దిలేటి ఒళ్లో తెరిచిపెట్టిన ల్యాప్‌టాప్‌లోకి పోయేది. గతుకు తగిలినప్పుడల్లా మద్దిలేటి ల్యాప్‌టాప్‌ను పట్టుకోవాలా డాక్టరును పట్టుకోవాలా అని తికమకపడి, ల్యాప్‌టాప్‌నే పట్టుకునేవాడు. పగిలితే జవాబు చెప్పాల్సింది దానికే.

వేసవిలో ఇద్దరూ అలా బోడిమానుపల్లె పోయారు. పేరుకు బోడిమానుపల్లె గానీ, అసలు ఊరు ఎప్పుడో డ్యాము నీళ్లలో మునిగిపోయింది. ఊరివాళ్లను లారీలెక్కించి, ఎగువన గుట్ట మీద వరసలుగా కట్టిన కాలనీలో దించారు. అదే పేరు పెట్టుకుని అక్కడే ఉంటున్నారు. అక్కడ పిల్లలు పుట్టి, పెళ్లిళ్లు కూడా అయ్యాయి.

కాలనీ చివరి వరసలో సుంకులమ్మ ఇల్లు. మొగుడు పోయాడు, పొలం నీళ్లలో పోయింది. మిగిలింది ఒక ముర్రా గేదె, దాని కడుపున పుట్టిన పడ్డ. పొద్దున పాలు కేంద్రానికి, సాయంత్రం పాలు వాడిక ఇళ్లకు. ఆ గేదె నిలబడితే ఇల్లు నిలబడినట్టు. కిందటేడు పక్క కాలనీలో గొంతువాపు వచ్చి, తెల్లవారేసరికి గొడ్లు గురకపెడుతూ పడిపోయాయి. వానలు మొదలైతే వచ్చే రోగం అది. వానలకు ముందే సూదేస్తే రాదు.

"ఈసారి మా ఎనుముకు సూది తప్పకుండా ఎయ్యాల సారూ. పక్క కాలనీ గురక ఇంగా నా చెవుల్లోనే ఉండాది" అంది సుంకులమ్మ.

"వానలకు ముందే వేస్తానమ్మా. నాదీ పూచీ" అన్నాడు ఓబులేసు. అతను మాట ఊరికే ఇచ్చే మనిషి కాదు, ఇచ్చాక మరిచిపోయే మనిషీ కాదు.

ఇంతలో మద్దిలేటి తెర చూసి గొంతు సవరించుకున్నాడు. చుక్క ఎర్రగా ఉంది. కింద అక్షరాలు: 'ఈ ప్రదేశమున గ్రామము లేదు. మీరు బోడిమానుపల్లెకు దూరముగా ఉన్నారు. తూర్పు దిశగా వెళ్లుడు.'

తూర్పున చూస్తే డ్యాము నీళ్లు. కంటికి ఆనినంత మేర నీళ్లే.

సంగతేమిటంటే, శాఖవారు కొన్న పటం డ్యాముకు ముందు కొలిచిన సర్వే కాగితాల నుంచి తీసింది. అందులో బోడిమానుపల్లె తన పాత చోటనే, రచ్చబండతో సహా, చెక్కుచెదరకుండా ఉంది. ఓబులేసు ఇదంతా చిన్న పొరపాటనుకున్నాడు. మర్నాడే జిల్లా ఆఫీసుకు పోయి పరాంకుశం గారికి విన్నవించుకున్నాడు.

పరాంకుశం గారు ఓపికగా విన్నారు. "చూడవయ్యా ఓబులేసూ, ఊరు కదులుతుంది. దానికి కాళ్లున్నాయి. పటం ప్రభుత్వ పత్రం, దానికి కాళ్లుండవు. పటం మారాలంటే ఒక విధానం ఉంది" అన్నారు.

"చెప్పండి సార్, చేస్తాను."

"సదరు స్థలమునందు సదరు గ్రామము లేదని, సమర్థుడైన అధికారి సదరు స్థలంలోనే నిలబడి, చుక్క పచ్చగా ఉన్న సమయమందు ధ్రువీకరించాలి."

"అక్కడ నిలబడలేం సార్. నడివేసవిలో కూడా నాలుగు నిలువుల లోతు."

పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిలబడడం అన్నది సాంకేతిక పదం. కూర్చోవచ్చు" అన్నారు.

సమర్థుడైన అధికారి ఎవరంటే పరాంకుశం గారే. వారు రావాలంటే ముందు స్థానిక డాక్టరు పోయి పచ్చచుక్క తెచ్చి, పశువుల సంఖ్య నమోదు చెయ్యాలి. సరేనని ఓబులేసు చేపలు పట్టే హుసేనప్పను బతిమాలి, అతని పుట్టి ఎక్కాడు. పుట్టంటే వెదురుబుట్టకు తోలు కప్పిన గుండ్రటి పడవ, తెడ్డు వేసినంతసేపూ తన చుట్టూ తాను తిరుగుతుంది. తలలు తిరిగి, ఎండకు మాడి, నడినీళ్లలోకి చేరాక చుక్క పచ్చబడింది. 'స్వాగతం. మీరు బోడిమానుపల్లె చేరుకున్నారు' అంది తెర. ఓబులేసు కాలనీలో ఉన్న పశువుల లెక్క అక్కడ కూర్చుని ఎక్కించి, పొద్దుగూకకముందే ఒడ్డుకొచ్చి కక్కుకున్నాడు.

అంత సంఖ్య చూసేసరికి పరాంకుశం గారికి హుషారొచ్చింది. స్వయంగా తనిఖీకి వచ్చారు. పుట్టిలో పరాంకుశం గారికొక ప్లాస్టిక్ కుర్చీ వేసి, నడుముకు లారీ ట్యూబు తొడిగి, చేతికి గొడుగిచ్చారు. తోకను టిఫిను క్యారియరు మూతకు అతికించారు. చుక్క పచ్చబడగానే వారి మొహం వెలిగింది.

"చూశావా. గ్రామం లేదన్నావు. ఉందిగా."

"పటంలో ఉంది సార్. కిందికి చూడండి, నీళ్లు."

"నీటిపారుదల విషయాలు మన పరిధి కాదు. వచ్చాం కాబట్టి గ్రామసభ పెట్టేద్దాం." పరాంకుశం గారు నాలుగు దిక్కులా చూశారు. పుట్టి తిరుగుతోంది కాబట్టి ఆయన తల తిప్పక్కర్లేకపోయింది. "జనం ఒక్కరూ హాజరు కాలేదేం?"

"పిలవమంటారా సార్" అన్నాడు మద్దిలేటి నీళ్లలోకి తొంగిచూస్తూ.

"అక్కర్లేదు. ప్రజలలో చైతన్యం కొరవడినది అని రాయి. పశువులెక్కడ?"

"అదుగో సార్, గుట్ట మీది కాలనీలో. ఇక్కడికే కనబడతాయి" అన్నాడు ఓబులేసు.

"ఆ కాలనీ పటంలో లేదు. లేనిచోట ఉన్న పశువులు లేని పశువులు. నువ్వు ఇక్కడ ఇన్ని ఉన్నాయని రాశావు, ఇక్కడ ఒక్కటీ లేదు. దీన్ని కల్పిత పశుసంపద అంటారు ఓబులేసూ. ఉద్యోగానికి ముప్పు."

ఉద్యోగం సంగతి సరే, టీకాలు రావు. సుంకులమ్మకిచ్చిన మాట ఉంది. ఓబులేసు పరాంకుశం గారిని అక్కడే ఉండమని దణ్ణం పెట్టి, దగ్గర్లో చేపలు పడుతున్న ఇంకో పుట్టి ఎక్కి ఒడ్డుకు పోయి కాలనీవాళ్లను పోగుచేశాడు. సంగతి చెప్పి, చెబుతూనే సిగ్గుపడ్డాడు.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సుంకులమ్మే ముందుగా అంది: "సూది కావాలంటే ఎనుములు నీళ్లలోకి దిగాలంటే, దిగుతాయిలే సారూ. వాటికేమన్నా సిగ్గా శరమా. ఎండకు సచ్చిపోతాండాయి ఎట్లన్నా."

గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరితే కుదరదు కదా. గేదెల్ని నీళ్లలోకి తోలారు. అవి ఇన్నాళ్లకు శాఖవారు చేసిన మేలు ఇదొక్కటేనన్నట్టు సంబరంగా ఈదాయి. సుంకులమ్మ తన గేదె తోక పట్టుకుని వెనకే వచ్చింది. ఆమె నమ్ముకున్న తోక అది, దారి తప్పలేదు. పుట్టి చుట్టూ నల్లటి తలలు, కొమ్ములు, బుసలు. ఒక గేదె ముట్టె ఎత్తి తుమ్మితే ల్యాప్‌టాప్ తడిసింది. పరాంకుశం గారు కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని, గొడుగుతో చూపిస్తూ తలలు లెక్కపెట్టారు. లెక్క సరిపోయింది. చుక్క పచ్చగానే ఉంది. "సంతృప్తికరం" అన్నారు వారు. ఆ రాత్రి ఓబులేసు చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. 'బోడిమానుపల్లె గ్రామమందలి పశువులు సంపూర్ణముగా నీటియందే నివసించుచున్నట్లు జాయింట్ డైరెక్టరు వారు ప్రత్యక్షముగా వీక్షించియున్నారు. నీటియందు నివసించు జీవులు ఈ శాఖ పరిధిలోనికి రానందున, తగు చర్య నిమిత్తము చేపల శాఖకు బదలాయించడమైనది.'

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి దేవుణ్ణే పక్క గుడికి బదిలీ చేశాడు. ఓబులేసు చేపల శాఖకు పరుగెత్తాడు. వాళ్లు మర్యాదస్తులు, కాఫీ ఇచ్చారు. "గొంతువాపు అని రాశారు. చేపలకు గొంతు ఉండునా అనే విషయమై నిపుణుల అభిప్రాయం కోరాం. రాగానే కబురు చేస్తాం" అన్నారు.

ఆకాశంలో మబ్బులు కనబడుతున్నాయి. ఓబులేసు ఇక ఉత్తర్వుల కోసం చూడలేదు. టీకా సీసా ఒకసారి తెరిస్తే ఆ రోజే వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. వేరే ఊళ్లలో మిగిలిందంతా ఐసు డబ్బాలో పెట్టుకుని, సాయంత్రాలు కాలనీకి మోశాడు. మొదటి వరస నుంచి సూదులు వేసుకుంటూ వచ్చాడు. చివరి వరస దగ్గరకొచ్చేసరికి మందు అయిపోయింది.

"రేపు నీదేనమ్మా, మొట్టమొదట" అన్నాడు సుంకులమ్మతో.

"రేపే రా సారూ. తొందరేముంది" అంది ఆమె, మజ్జిగ చెంబు చేతికిస్తూ.

ఆ రేపు రాలేదు. సాయంత్రాలన్నీ చుక్క ఎర్రగా ఉండడం ల్యాప్‌టాప్ రికార్డులో చూసి జిల్లా ఆఫీసు పసిగట్టింది. 'మీరు గ్రామము లేని చోట, పశువులు లేని చోట, టీకాలు వేసినట్లు తెలియుచున్నది. ఎవరికి వేసితిరి?' అని మెమో వచ్చింది. జవాబు తేలేదాకా ఐసు డబ్బా ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఓబులేసు మూడుసార్లు జవాబు రాశాడు. మూడుసార్లూ, జవాబు బోడిమానుపల్లెలో ఉండి రాసినట్టు పచ్చచుక్క లేదని తిప్పిపంపారు.

వాన వచ్చింది. నాలుగు రోజులు ముసురుపట్టింది. ఐదో నాటి పొద్దున సుంకులమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది.

ఓబులేసు పోయేసరికి గేదె పాకలో మెడ చాచి పడుకునుంది. దవడ కింద వాపు గట్టిపడింది. గురక వీధి మొగదలకే వినిపించింది. తన సొంత సంచీలో ఉన్న మందులన్నీ ఎక్కించాడు. పక్కనే కూర్చున్నాడు. అతనికి తెలుసు, ఆలస్యమైపోయిందని. మధ్యాహ్నానికి గురక ఆగిపోయింది.

సుంకులమ్మ ఏడవలేదు. గేదె మొహం మీద ఈగల్ని కొంగుతో తోలుతూ, "వానలకు ముందే అన్నావు సారూ" అంది.

మెమోకు మూడుసార్లు జవాబు రాసిన మనిషికి ఆ ఒక్క మాటకు నోరు పెగల్లేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చచ్చిన గేదెకు పాలెక్కువంటారు గానీ, సుంకులమ్మ అలాంటి గొప్పలేవీ చెప్పుకోలేదు. పడ్డను మాత్రం ఆ పూటే తమ్ముడి ఊరికి తోలించేసింది. ఆ వరసలో ఇంకొన్ని ఇళ్లలో కూడా గొడ్లు పోయాయి.

చావుల లెక్కైనా రాద్దామని ఓబులేసు ల్యాప్‌టాప్ తెరిచాడు. చుక్క ఎర్రగా ఉంది. 'ఈ ప్రదేశమున గ్రామము లేదు. మరణములు నమోదు చేయుటకు వీలుపడదు.'

గ్రామం లేనిచోట మరణాలు లేవు. గ్రామం ఉన్నచోట పశువులు లేవు. పశువులు లేనిచోట రోగం లేదు. ఈ మూడూ కలిపి కూడగా వానాకాలం చివర తేలిందేమిటంటే, జిల్లా మొత్తంలో గొంతువాపు సోకని ఏకైక గ్రామం బోడిమానుపల్లె. పరాంకుశం గారి కళ్లు చెమర్చాయి. వారు దానిని ఆదర్శ వ్యాధిరహిత గ్రామంగా ప్రకటించి, సదరు స్థలంలోనే శిలాఫలకం వేయించాలని తీర్మానించారు. గ్రామానికి బహుమతిగా ఒక డబ్బా నిండా టీకాలు మంజూరు చేశారు. రోగం రానందుకు మందు బహుమతి.

డ్యాము నిండుగా ఉంది. రెండు పుట్లు కలిపి కట్టి, పైన చెక్కలు వేసి, నల్లరాతి ఫలకాన్ని గులాబీ రంగు తెర కప్పి ఎక్కించారు. పరాంకుశం గారు ఎక్కారు, ఫోటోగ్రాఫరు ఎక్కాడు, ఓబులేసు టీకాల డబ్బాతో, మద్దిలేటి ల్యాప్‌టాప్‌తో ఎక్కారు. హుసేనప్ప బరువు చూసి నోరు తెరవబోయి, ఎందుకులే అని తెడ్డు అందుకున్నాడు.

చుక్క పచ్చబడింది. పరాంకుశం గారు తెర లాగారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో కోసం అందరూ ఒక పక్కకు జరిగారు. పుట్లు ఒరిగాయి. నీళ్లు లోపలికి వచ్చాయి. ఆదర్శ గ్రామంలో అడుగుపెట్టే యోగం తమకు కూడా దగ్గరపడిందని పరాంకుశం గారికి అర్థమైంది.

"బండను తోసెయ్యండి" అన్నారు, సాంకేతిక పదాలేవీ వాడకుండా.

తోసేశారు. ఫలకం ఒక్కసారి తిరగబడి, బంగారు రంగు అక్షరాలు పైకి చూపించి, కిందికి పోయింది. కాసేపు బుడగలు వచ్చాయి.

పరాంకుశం గారు లారీ ట్యూబు సర్దుకుని, ఊపిరి పీల్చుకుని అడిగారు. "సరైన స్థలంలోనే పడిందా?"

ఓబులేసు ల్యాప్‌టాప్ తెర చూశాడు. "పడింది సార్. సరిగ్గా ఊళ్లోనే. ఇన్నాళ్లకు మన శాఖ పంపింది ఒక్కటన్నా బోడిమానుపల్లెకు చేరింది" అన్నాడు. పరాంకుశం గారు ఆ మాటను కూడా రాసుకోమన్నారు.

ఒడ్డుకు రాగానే దొరల జీపు వెళ్లిపోయింది. ఓబులేసు టీకాల డబ్బా భుజాన వేసుకుని నేరుగా కాలనీ చివరి వరసకు నడిచాడు. సుంకులమ్మ పడ్డను మళ్లీ ఇంటికి తోలుకొచ్చుకుంది. పాకలో పెద్ద గుంజ ఖాళీగా ఉంది, పక్కన చిన్న గుంజకు పడ్డ.

"ఏందో పెద్ద బండ నీళ్లలో ఏసినారంట గదా సారూ" అంది.

"మీ ఊళ్లో రోగాలు లేవని రాశారమ్మా దాని మీద."

"సదివేటోళ్లు ఆడ ఎవురుండారు, చేపలు తప్ప" అంటూ ఆమె పడ్డ మెడ పట్టుకుంది. ఓబులేసు సీసా తెరిచి సూదిలోకి మందు లాగాడు. సుంకులమ్మ అతని వెనక నిలబడ్డ మద్దిలేటిని చూసింది. ల్యాప్‌టాప్ చంకలో ఉంది, తోక చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు. "పెట్టె తెరవలేదేం సారూ ఈరోజు?"

"తెరిస్తే, ఇక్కడ ఊరు లేదంటుందమ్మా."

సుంకులమ్మ పడ్డను ఇంకాస్త గట్టిగా అదిమిపట్టుకుంది.

"అట్లయితే మూసే ఉంచు సారూ. సూది పడేదాకన్నా మేము ఉండాల గదా."